మూడు పేర్ల కూడలి: కోల్‌కతా బి.బి.డి. బాగ్

కోల్‌కతా నడిబొడ్డున, హుగ్లీ నదికి కొద్ది దూరంలో, నాలుగు వైపులా భారీ కట్టడాల నడుమ ఒక చెరువు ఉంది. బెంగాలీలు దానిని లాల్ దీఘి అంటారు; ఎర్ర చెరువు అని అర్థం. దాని చుట్టూ వెలసిన ప్రాంతాన్ని ఆంగ్లేయులు మొదట ట్యాంక్ స్క్వేర్ అని పిలిచారు. 1848 నుంచి 1856 వరకు గవర్నర్ జనరల్‌గా పనిచేసిన డల్హౌసీ పేరిట అది తర్వాత డల్హౌసీ స్క్వేర్‌గా మారింది. నేటి అధికారిక నామం బినయ్–బాదల్–దినేశ్ బాగ్, వాడుకలో బి.బి.డి. బాగ్. పాత తరం నగరవాసుల నోట మాత్రం అది ఇప్పటికీ డల్హౌసీయే. రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్లు 1911 డిసెంబరులో ప్రకటన వెలువడే వరకు, భారతదేశంలో బ్రిటిష్ అధికారానికి ఈ చెరువు పరిసరాలే కేంద్రస్థానం.

చెరువు ఆంగ్లేయుల కంటే పాతది. ఆ ప్రాంత జమీందారులైన సవర్ణ రాయ్‌చౌధురీల కచేరీ దీని గట్టునే ఉండేది. ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జాబ్ చార్నాక్ 1690 ఆగస్టు 24న సుతానుటి గ్రామంలో దిగాడు. సుతానుటి, కలికాతా, గోవిందపూర్ అనే మూడు గ్రామాల జమీందారీ హక్కులను కంపెనీ 1698లో ఆ కుటుంబం నుంచి పొందింది. చార్నాక్‌నే నగర స్థాపకుడిగా, ఆగస్టు 24నే నగర జన్మదినంగా పాఠ్యపుస్తకాలు చాలాకాలం పేర్కొన్నాయి. ఆ వాదన చెల్లదని 2003లో కలకత్తా హైకోర్టు తేల్చింది. ఊరు అంతకుముందే ఉందనీ, దానికి ఒక్క స్థాపకుడంటూ లేడనీ ఆ తీర్పు సారాంశం.

కంపెనీ తన తొలి ఫోర్ట్ విలియం కోటను చెరువుకు పశ్చిమాన, నాటి నదీతీరంలో నిర్మించింది. నేడు అక్కడ జనరల్ పోస్టాఫీసు, దాని పొరుగు కార్యాలయాలు ఉన్నాయి. పాత కోట గోడ ఎక్కడిదాకా ఉండేదో తెలిపే ఇత్తడి పట్టీలు పోస్టాఫీసు మెట్లలో కనిపిస్తాయి. 1756 జూన్‌లో నవాబు సిరాజుద్దౌలా ఈ కోటను పట్టుకున్నాడు. ఆ రాత్రి దాదాపు 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల చెరసాల గదిలో 146 మందిని కుక్కారనీ, వారిలో 123 మంది ఊపిరాడక మరణించారనీ ప్రాణాలతో బయటపడిన హాల్‌వెల్ రాశాడు. ఇదే ‘కలకత్తా చీకటి గది’ ఉదంతం. అంత చిన్న గదిలో అంతమంది పట్టరని పలువురు చరిత్రకారులు ఆ లెక్కను తోసిపుచ్చారు. సంఖ్య ఏదైనా, బ్రిటన్‌లో ఆ కథనం పొందిన ప్రచారం బెంగాల్ ఆక్రమణకు నైతిక సమర్థనగా ఉపయోగపడింది.

మద్రాసు నుంచి నౌకాబలంతో వచ్చిన క్లైవ్, వాట్సన్‌లు 1757 జనవరిలో కలకత్తాను తిరిగి వశం చేసుకున్నారు. ఆ ఏడాది జూన్‌లోనే ప్లాసీ యుద్ధం జరిగింది. మరుసటి సంవత్సరం క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను తెలుగు తీరానికి పంపాడు. చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోవడం, 1759లో మచిలీపట్నం ఆంగ్లేయుల చేజిక్కడం ఆ దండయాత్ర ఫలితమే.

చెరువుకు ఉత్తరాన దాదాపు 150 మీటర్ల పొడవున సాగే ఎర్రని భవనం రైటర్స్ బిల్డింగ్. కంపెనీలో కొత్తగా చేరిన చిన్న గుమాస్తాలను ‘రైటర్లు’ అనేవారు. వారి నివాసం కోసం థామస్ లయన్ 1777లో ఈ నిర్మాణాన్ని ఆరంభించాడు. తొలి రూపం ఎలాంటి అలంకారం లేని బారకాసులాంటిది. 1880ల నాటికి ప్రభుత్వ కార్యాలయాలకు అనుగుణంగా దాని ముఖద్వారాన్ని మార్చి, స్తంభాలతో, శిల్పాలతో తీర్చిదిద్దారు. నడిమి కమాను శిఖరాన రోమన్ల జ్ఞానదేవత మినర్వా నిలుచుంది. మిగతా శిల్ప సమూహాలు విజ్ఞానం, వ్యవసాయం, వాణిజ్యం, న్యాయాలకు ప్రతీకలు. పాలకులు తమను తాము ఎలా చూసుకోదలిచారో ఆ ఎంపికే చెబుతుంది.

1930 డిసెంబరు 8న యూరోపియన్ దుస్తులు ధరించిన ముగ్గురు యువకులు ఈ భవనంలోకి ప్రవేశించారు. వారు బెంగాల్ వాలంటీర్స్ దళానికి చెందిన బినయ్ బసు, బాదల్ గుప్తా, దినేశ్ గుప్తా. ముగ్గురికీ పాతికేళ్లు నిండలేదు. కారాగారాల ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను వారు అతని గదిలోనే కాల్చి చంపారు. రాజకీయ ఖైదీల పట్ల అతని క్రూరత్వమే అందుకు కారణం. తర్వాత వసారాల్లో పోలీసులతో సాగిన కాల్పులను బెంగాల్‌లో ‘వరండా యుద్ధం’గా చెప్పుకుంటారు. పట్టుబడే పరిస్థితి రాగానే బాదల్ విషం మింగి అక్కడే మరణించాడు. తమను తాము కాల్చుకున్న మిగిలిన ఇద్దరిలో బినయ్ ఐదు రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. కోలుకున్న దినేశ్‌ను 1931 జూలై 7న ఉరితీశారు. స్వాతంత్ర్యానంతరం గవర్నర్ జనరల్ పేరు తొలగించి కూడలికి వీరి పేర్లు పెట్టారు. ముగ్గురి విగ్రహాలు ఇప్పుడు ఆ భవనం ఎదుటే ఉన్నాయి.

అంతకుముందు ఇదే కూడలిలో మరో స్మారకం కోసం పోరు నడిచింది. చీకటి గది మృతుల కోసం హాల్‌వెల్ కట్టించిన స్తంభాన్ని 1821లో తొలగించగా, కర్జన్ 1902లో దాని స్థానంలో పాలరాతి ప్రతిరూపాన్ని నిలబెట్టాడు. సిరాజుద్దౌలాను రాక్షసుడిగా చూపే ఆ కట్టడాన్ని తీసివేయాలని 1940లో సుభాస్ చంద్రబోస్ ఉద్యమానికి పిలుపునిచ్చాడు. జూలై 3న తలపెట్టిన ప్రదర్శనకు ముందురోజే ఆయనను అరెస్టు చేశారు. కానీ హిందూ ముస్లింలు ఏకమైన ఆందోళనకు ప్రభుత్వం తలవంచక తప్పలేదు. ఆ స్తంభం సెయింట్ జాన్స్ చర్చి ఆవరణకు తరలింది. జైల్లో నిరాహారదీక్షకు దిగి విడుదలైన బోస్, 1941 జనవరిలో ఇంటి నిర్బంధం నుంచి తప్పించుకుని దేశం దాటాడు.

కూడలికి నైరుతి దిశలో ఉన్న ఆ చర్చిని చూడడానికి కొంత సమయం కేటాయించాలి. రాజా నవకృష్ణ దేవ్ ఇచ్చిన స్థలంలో, ప్రాచీన గౌడ నగర శిథిలాల నుంచి తెచ్చిన రాళ్లతో కట్టిన ఈ ఆలయం 1787లో ప్రారంభమైంది. బెంగాలీలో దీనికి ‘రాతి చర్చి’ అనే వ్యవహారం ఉంది. హాల్‌వెల్ స్తంభంతో పాటు చార్నాక్ సమాధి కూడా ఈ ఆవరణలోనే ఉంది. ఆ సమాధి ఫలకం మద్రాసు సమీపంలోని పల్లావరం నుంచి వచ్చిన రాయి. దానిని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ శిలాజాతికి ‘చార్నోకైట్’ అని నామకరణం చేశాడు. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే శిల ఇదే. కోల్‌కతాలోని ఒక సమాధి పేరును మన కొండలు మోస్తున్నాయని చాలామందికి తెలియదు.

కూడలి ఈశాన్య మూలన 1818లో వెలసిన సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉన్నది పాత న్యాయస్థానపు స్థలంలో. వారన్ హేస్టింగ్స్‌పై లంచం ఆరోపణ చేసిన మహారాజా నందకుమార్‌ను ఆ న్యాయస్థానమే ఫోర్జరీ నేరంపై విచారించింది. 1775 ఆగస్టు 5న ఆయనను ఉరితీశారు. పశ్చిమాన వాల్టర్ గ్రాన్‌విల్ రూపకల్పనలో 1868లో పూర్తయిన పోస్టాఫీసు తెల్లని గుమ్మటం దూరం నుంచే ఆకర్షిస్తుంది. దక్షిణాన రాజ్‌భవన్‌గా పేరుపడిన గవర్నర్ నివాసాన్ని వెల్లస్లీ ఇంగ్లండ్‌లోని కెడిల్‌స్టన్ హాల్ నమూనాలో కట్టించాడు. 1803లో పూర్తయిన ఆ వైభవానికి అయిన ఖర్చు లండన్‌లోని కంపెనీ యజమానులకు రుచించలేదు.

పరిరక్షణ దృష్ట్యా అన్నిటికంటే ముఖ్యమైన పాఠం కరెన్సీ బిల్డింగ్‌ది. 1833లో కట్టిన ఈ భవనంలో మొదట ఆగ్రా బ్యాంకు, 1868 నుంచి ప్రభుత్వ కరెన్సీ కార్యాలయం నడిచాయి. 1935లో కలకత్తాలో ఆరంభమైన రిజర్వు బ్యాంకు కొంతకాలం దీనిని వాడుకుంది. 1990లలో కొత్త కట్టడం కోసం కేంద్ర ప్రజాపనుల శాఖ దీని కూల్చివేతకు పూనుకుంది. వారసత్వ పరిరక్షకులు, నగరపాలక సంస్థ అడ్డుకునేసరికే నడిమి గుమ్మటాలు నేలకూలాయి. తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖ దీనిని స్వీకరించి మరమ్మతు చేసింది. 2020 జనవరిలో ప్రదర్శనశాలగా ఇది తిరిగి తెరుచుకుంది. కూలిన కప్పును మళ్లీ కట్టకుండా ఆ చోటును ఆకాశం కనిపించే ప్రాంగణంగానే వదిలేశారు.

ప్రపంచ స్మారకాల నిధి 2004లోనూ, 2006లోనూ ఈ కూడలిని ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. రైటర్స్ బిల్డింగ్‌కు మరమ్మతుల నిమిత్తం 2013 అక్టోబరులో ముఖ్యమంత్రి కార్యాలయాన్ని నది ఆవలి హావ్‌డాలోని నబాన్న భవనానికి తరలించారు. తాత్కాలికమన్న ఆ ఏర్పాటు ఏళ్ల తరబడి కొనసాగింది. సచివాలయాన్ని బెంగాలీలో మహాకరణ్ అంటారు. 2024 మార్చిలో నది అడుగు నుంచి మెట్రో రైలు ఈ కూడలికి చేరినప్పుడు, స్టేషన్‌కు ఆ పేరే ఉంచారు.

సందర్శకులకు ఆ స్టేషనే అనువైన ఆరంభ స్థలం. పైన పేర్కొన్న కట్టడాలన్నీ అక్కడి నుంచి కాలినడక దూరంలోనే ఉన్నాయి. పని దినాల్లో ఉద్యోగుల రద్దీ, ఫుట్‌పాత్ తినుబండారాల దుకాణాల సందడి ఎక్కువ. ముఖద్వారాల శిల్పాలను తీరిగ్గా చూడగోరేవారు ఆదివారం ఉదయం వెళ్లడం మేలు.