ఉష్ణద్రవం: తప్పిన ఊహ, నిలిచిన లెక్క

చలిగా ఉన్న గదిలో చెక్క బల్లనూ దానికి బిగించిన ఇనుప తాళాన్నీ ఒకదాని తర్వాత ఒకటి తాకితే తాళమే ఎక్కువ చల్లగా తోస్తుంది. నిజానికి చాలాసేపు ఒకే గాలిలో ఉన్న ఆ రెండింటి ఉష్ణోగ్రతా ఒక్కటే. 1757లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ సౌత్ కెరొలైనాలోని జాన్ లైనింగ్ అనే వైద్యుడికి రాసిన లేఖలో ఈ సంగతిని ప్రస్తావించాడు. లోహం చేతిలోని వేడిని చెక్క కన్నా త్వరగా తీసుకుపోవడమే ఇందుకు కారణమన్నాడు. ఆ వివరణ నేటికీ సరైనదే. అయితే ఆ వేడి అన్నది అసలు ఏమిటో ఆనాడు ఎవరికీ నిశ్చయంగా తెలియదు. తర్వాతి డెబ్భై ఏళ్ళలో ఉష్ణప్రసారానికి సంబంధించిన ముఖ్య సూత్రాలు వెలువడ్డాయి. వాటిలో చాలావరకు ఒక తప్పు సిద్ధాంతం రాజ్యమేలిన కాలంలో పుట్టినవే. సిద్ధాంతం కూలిపోయినా ఆ సూత్రాలు ఎందుకు నిలిచాయన్నది విజ్ఞాన చరిత్రలో పరిశీలించదగిన ప్రశ్న.

ముందుగా జరగవలసిన పని వేడినీ ఉష్ణోగ్రతనూ విడదీయడం. గ్లాస్గోలో ఆచార్యుడిగా ఉన్న జోసెఫ్ బ్లాక్ 1761 ప్రాంతంలో చేసిన ప్రయోగం ఆ పని చేసింది. ఆయన ఒకే రకమైన రెండు గాజు కుప్పెలు తీసుకుని, ఒకదానిలో నీటిని గడ్డ కట్టించాడు. రెండోదానిలో అంతే బరువున్న నీటిని 33 డిగ్రీల ఫారెన్‌హైట్ వరకు చల్లబరిచాడు. రెండింటినీ 47 డిగ్రీల వద్ద ఉన్న గదిలో ఉంచాడు. నీరు అరగంటలో 40 డిగ్రీలకు చేరింది. మంచు కరిగి అదే 40 డిగ్రీలకు రావడానికి పదిన్నర గంటలు, అంటే 21 అరగంటలు పట్టింది. గది రెండు కుప్పెలకూ వేడిని ఒకే వేగంతో అందించిందనుకుంటే మంచులోకి 21 ఏళ్ళు 147 డిగ్రీలకు సమానమైన వేడి చేరింది. కరిగిన నీటిని 32 నుంచి 40కి పెంచడానికి ఖర్చయినది అందులో ఎనిమిది డిగ్రీల పాటి వేడి మాత్రమే. మిగిలిన 139 డిగ్రీల పాటి వేడి థర్మామీటరును కదిలించకుండానే లోపలికి వెళ్ళింది. నేటి కొలతల ప్రకారం ఆ విలువ 144. బ్లాక్ దీనికి పెట్టిన పేరునే తెలుగు పాఠ్యపుస్తకాలు గుప్తోష్ణం అన్నాయి.

థర్మామీటరుకు అందకుండా దాగి, మళ్ళీ బయటపడే వేడిని ఒక పదార్థంగా ఊహించడం ఆనాటివారికి సహజంగానే తోచింది. 1789లో లవాజియే తన రసాయనశాస్త్ర గ్రంథంలో మూలకాల పట్టికలో కాంతితో పాటు కెలోరిక్ అనే ఉష్ణద్రవాన్నీ చేర్చాడు. ఈ ద్రవపు కణాలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి, కనుకనే వేడెక్కిన వస్తువు వ్యాకోచిస్తుంది. ద్రవం పుట్టదు, నశించదు. కనుక వేడి నీటినీ చన్నీటినీ కలిపితే ఒకటి పోగొట్టుకున్నంత మరొకటి పొందుతుంది. ఈ లెక్క ప్రతిసారీ సరిపోయేది. అందువల్ల ఉష్ణద్రవవాదాన్ని అజ్ఞానంగా కొట్టివేయడం న్యాయం కాదు. ఆనాడు కొలవగలిగిన చాలా విషయాలను అది చక్కగా వివరించింది.

తొలి గట్టి దెబ్బ 1798లో తగిలింది. మసాచుసెట్స్‌లో పుట్టి బవేరియా కొలువులో చేరిన రమ్‌ఫర్డ్, మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు పుట్టే వేడిని పరిశీలించాడు. మొద్దుబారిన బరమాను గుర్రాల బలంతో తిప్పిస్తే, చుట్టూ పోసిన నీరు నిప్పు లేకుండానే రెండున్నర గంటల్లో మరిగింది. రాపిడి సాగినంతసేపూ వేడి పుడుతూనే ఉంది. ఎంత తోడినా తరగనిది పదార్థం కాజాలదని, వేడి ఒక విధమైన చలనమని ఆయన వాదించాడు. కానీ చలనాన్ని వేడితో ముడిపెట్టే కచ్చితమైన లెక్కను చూపలేకపోయాడు. లెక్కలున్న పాత సిద్ధాంతాన్ని లెక్కలు లేని కొత్త ఆలోచన పడగొట్టలేకపోయింది.

ఈ వివాదం తేలకముందే జోసెఫ్ ఫూరియే తన పని మొదలుపెట్టాడు. నెపోలియన్ వెంట ఈజిప్టుకు వెళ్ళివచ్చి, 1802లో గ్రెనోబుల్ కేంద్రంగా ఉన్న జిల్లాకు పాలనాధికారి అయిన ఆయన, తీరిక వేళల్లో ఇనుప కడియాన్ని వేడిచేసి, దానిలో అక్కడక్కడ అమర్చిన థర్మామీటర్లతో వేడి వ్యాపించే తీరును కొలిచాడు. వేడి స్వరూపమేమిటన్న ప్రశ్నను పక్కన పెట్టాడు. ఆయన సూత్రాన్ని మాటల్లో ఇలా చెప్పవచ్చు: గోడకు ఇరువైపులా ఉన్న ఉష్ణోగ్రతల తేడా రెట్టింపయితే దాని గుండా సాగే వేడి రెట్టింపవుతుంది, గోడ మందం రెట్టింపయితే సగమవుతుంది. మిగిలినదంతా ఆ పదార్థానికే చెందిన ఒక స్థిరాంకంలో ఉంది. మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు అన్న నేటి కొలమానంలో ఆ స్థిరాంకం రాగికి సుమారు 400, ఇనుముకు 80, చెక్కకు 0.15, కదలని గాలికి 0.025. ఫ్రాంక్లిన్ తాళం ఎందుకు చల్లగా తోచిందో ఈ అంకెలే చెబుతాయి.

1807లో ఫూరియే సమర్పించిన పత్రాన్ని పారిస్ పండితులు ప్రచురణకు అంగీకరించలేదు. ఆయన వాడిన త్రికోణమితి శ్రేణులు లగ్రాంజ్‌కు సమ్మతం కాలేదు. 1811 నాటి పోటీలో బహుమతి ఇచ్చినా, గణితంలో కచ్చితత్వం చాలదన్న మెలిక పెట్టారు. పూర్తి గ్రంథం 1822లో గానీ వెలుగు చూడలేదు.

1840లలో మాంచెస్టర్ ప్రాంతానికి చెందిన జౌల్, రమ్‌ఫర్డ్ చూపలేకపోయిన లెక్కను చూపాడు. కిందికి జారే బరువులతో నీటిలో తెడ్లచక్రాన్ని తిప్పి, ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హైట్ డిగ్రీ వేడెక్కించడానికి 772 అడుగు-పౌన్ల పని కావాలని 1850లో ప్రకటించాడు. పనితో వేడి పుడుతుందంటే వేడి నిత్యపదార్థం కాదు. నిలిచేది మొత్తం శక్తి మాత్రమే. దీనితో ఉష్ణద్రవవాదానికి ఆధారం పోయింది.

ఫూరియే సూత్రానికి మాత్రం ఏమీ కాలేదు. కదలకుండా ఉన్న గోడలో, కడియంలో వేడి పనిగా మారదు, పని వేడిగా మారదు. అక్కడ వేడి మొత్తం నిలకడగానే ఉంటుంది. ఆ హద్దులో ఉష్ణద్రవం లెక్కా శక్తి లెక్కా ఒకే జవాబిస్తాయి. ఆవిరియంత్రం సంగతి వేరు. 1824లో కార్నో, వేడి నీటిచక్రం మీద పడే నీటిలా ఏమాత్రం తరగకుండా యంత్రం గుండా దిగుతుందని భావించాడు. యంత్రంలో వేడి పనిగా మారుతుంది కనుక ఆయన తర్కాన్ని 1850లో క్లాసియస్ సవరించవలసి వచ్చింది. యంత్రాల సామర్థ్యంపై ఆయన తేల్చిన హద్దు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక ఊహ తప్పా ఒప్పా అన్నదానితో పాటు, ఆ తప్పు ఎక్కడ లెక్కలోకి వస్తుందన్నదీ చూడాలని ఈ రెండు ఉదాహరణలూ తెలుపుతాయి.

అమెరికాలో ఇంటి గోడల్లో పరిచే ఫైబర్‌గ్లాస్ పొరపై ముద్రించే ఆర్-13 వంటి అంకె, ఫూరియే సూత్రం నుంచి వచ్చినదే. మందాన్ని ఆ పదార్థపు స్థిరాంకంతో భాగిస్తే వచ్చే విలువ అది. ఆహార పొట్లాలపై ఉండే కెలోరీ మాటలో కెలోరిక్ ఛాయ ఇంకా ఉంది. తెలుగులో మనం వాడే ఉష్ణప్రవాహం, గుప్తోష్ణం అన్న మాటలు కూడా పారే, దాగే ద్రవాన్నే స్ఫురింపజేస్తాయి. ఆ ద్రవం లేదని తేలి నూట డెబ్భై ఏళ్ళు దాటినా, గోడలో వేడి నష్టాన్ని లెక్కించే ఇంజనీరు ఈనాటికీ అది పారుతున్నట్టే లెక్క వేస్తాడు, ఆ లెక్క సరిగ్గానే వస్తుంది.