దేశీయ పత్రికల నివేదికలు

దేశభాషా పత్రికల వైఖరిని కనిపెట్టుటకై చెన్నపురి రాజధాని ప్రభుత్వము తన అనువాదకులచే ఆంగ్లమున వ్రాయించి, అధికారులకు రహస్యముగా అందించుచు వచ్చిన సంగ్రహములకు ఈ పేరు. మచిలీపట్టణమున 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, బొంబాయిలో 1908లో వారపత్రికగా వెలసి 1914లో చెన్నపురి చేరి దినపత్రికయైన ఆంధ్రపత్రిక మొదలగువాని వ్రాతలు వీనికెక్కినవి. బిపిన్ చంద్రపాలుని 1907 నాటి పర్యటనముచే ఆంధ్రదేశమున రగిలిన వందేమాతరోద్యమమును, మఱుసటి యేట స్వరాజ్య పత్రికలోని రచనకై గాడిచర్ల హరిసర్వోత్తమరావు అనుభవించిన కారాగారవాసమును పరిశోధించువారికి, పెక్కు మూలసంచికలు శిథిలమైపోయిన నేడు, అణచదలచిన ప్రభుత్వమే భద్రపఱచిన యీ పుటలు అమూల్యములు. అయినను అనువాదకుడు ఏరిన వాక్యమే వీనిలో నిలిచినది, విడిచినది కానరాదు. కావున లభించినంతవఱకు మూలపత్రికలతో సరిచూడక వీనిని ప్రమాణముగా గ్రహింపరాదు.