ప్లాస్టిక్ రోడ్లు: ఏం చేస్తాయి, ఏం చేయవు

తారు రోడ్డును పాడు చేయడంలో బరువైన లారీకి నీరు ఏమాత్రం తీసిపోదు. కంకరను ఒకదానికొకటి పట్టి ఉంచేది పల్చని తారు పొర. చిన్న పగులు దొరికినా వాన నీరు లోపలికి దిగి ఆ తారును రాయి నుంచి ఊడదీస్తుంది. రాళ్లు వదులై లేచిపోతాయి, గుంత మొదలవుతుంది.

మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ పద్ధతి సరిగ్గా ఇక్కడే పనిచేస్తుంది. ఆయన ప్లాస్టిక్‌ను తారులో కలపకుండా ముందు రాయికి పట్టించారు. క్యారీ బ్యాగులు, కవర్లు సన్నగా తురిమి, సుమారు 160-170 డిగ్రీల సెల్సియస్ వేడి మీదున్న కంకరపై చల్లితే అవి వెంటనే కరిగి పూతలా అతుక్కుంటాయి. దానిపైన తారు పోస్తారు. రాయి నీరు పీల్చడం తగ్గుతుంది, తారు పట్టు పెరుగుతుంది. కొత్త ఫ్యాక్టరీ అక్కర్లేదు, ఉన్న హాట్ మిక్స్ ప్లాంటే సరిపోతుంది. ఈ 'పొడి పద్ధతి' అంతగా పాకడానికి కారణం బహుశా ఈ సౌలభ్యమే. వాసుదేవన్‌కు 2018లో పద్మశ్రీ దక్కింది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం వరకు వ్యర్థ ప్లాస్టిక్ వాడవచ్చు. 5 లక్షలకు మించి జనాభా ఉన్న పట్టణాల చుట్టుపక్కల రోడ్లకు దీన్ని వాడాలని 2015 నవంబరులో కేంద్రం చెప్పింది. ఒక వరస రోడ్డు కిలోమీటరుకు ఖర్చయ్యే ప్లాస్టిక్ సుమారు ఒక టన్ను అని సాధారణంగా లెక్క చెబుతారు. నగరం రోజూ పారేసే చెత్త ముందు అది ఏపాటి?

'పాలిమర్ తారు' అన్నది దీనికి వేరు. జాతీయ రహదారులపై వాడే ఆ తారులో ఎస్‌బీఎస్ వంటి పాలిమర్లను నిర్ణీత ప్రమాణాలతో ముందే కలుపుతారు. ఎండకు మెత్తబడి చక్రాల జాడలు పడకుండా, చలికి పగలకుండా చేయడం దాని పని. పాత టైర్ల పొడి కలిపే రబ్బరు తారుదీ అదే కోవ. ఏ కవర్ ఏ మోతాదులో పడుతుందో తెలియని చెత్త నుంచి అంత కచ్చితత్వం ఆశించలేం. రెంటినీ ఒకే గాటన కట్టి 'ప్లాస్టిక్ రోడ్డు వందేళ్లు మన్నుతుంది' అనే ప్రచారాన్ని నమ్మనక్కర్లేదు.

అసలు చిక్కు ఏరివేతలో ఉంది. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్, థర్మోకోల్ పనికొస్తాయి. పీవీసీ మాత్రం పనికిరాదు. వేడెక్కితే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది, ముందుగా దాన్ని పీల్చేది ప్లాంటు దగ్గర నిలబడే కూలీ. మన ఊళ్లలో ఎన్నికల తర్వాత గుట్టలుగా మిగిలే ఫ్లెక్సీలు పీవీసీతో చేసినవే. మట్టి అంటిన, తడిసిన ప్లాస్టిక్‌దీ ఇబ్బందే. కడిగి, ఆరబెట్టి, రకాలుగా విడగొట్టే పనికి కూలి ఎవరిస్తారో టెండరులో రాయకపోతే ఆ పని జరగదు.

మరో మాట. శుభ్రమైన పాల ప్యాకెట్లకు పాత సామాన్ల కొట్టులో ధర పలుకుతుంది, వాటిని మళ్లీ వస్తువులుగా మార్చవచ్చు. రోడ్డుకు వెళ్లాల్సింది ఎవరూ కొనని పల్చని కవర్లే. రోడ్డు అరిగినప్పుడు రాలే పొడిలో ఈ ప్లాస్టిక్ రేణువులూ ఉంటాయి.

పై పొరకు ఎంత మంచి పూత వేసినా, కింద మట్టి గట్టిపడకపోతే, పక్కన మురుగు కాలువ లేకపోతే రోడ్డు కుంగుతుంది. పని ఒప్పుకునే ముందు ఇంజనీరు పరీక్షించాల్సింది ప్లాస్టిక్ శాతాన్నే కాదు, నీరు ఎటు పోతుందో కూడా.