డిమెన్షియా ఉన్న పెద్దవారికి ఇంట్లోనే మనిషిని పెట్టుకునే ముందు

మా అమ్మ విజయవాడలో సొంత ఇంట్లో ఉంటుంది. నేను న్యూజెర్సీలో, అన్నయ్య సింగపూర్‌లో. ఫోనులో "భోంచేశావురా?" అని ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు అడిగితే, వయసు మీదపడింది కదా అనుకున్నాం. ఒకరోజు పొయ్యిమీద పాలు మరచిపోయి, ఇల్లంతా పొగ కమ్మేసింది. పక్కింటి పిన్నిగారు ఫోను చేస్తేగానీ మాకు విషయం అర్థం కాలేదు. మనలో చాలామందికి ఇలాంటి ఫోను ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. అందుకే నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు డాక్టరు, తర్వాతే మనిషి

డిమెన్షియా ఒకే జబ్బు కాదు. ఎక్కువమందిలో అల్జీమర్స్ వల్ల వస్తుంది. మెదడుకు రక్తప్రసారం తగ్గడం వల్ల వచ్చేది మరొక రకం. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం, మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. అయితే బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు కూడా ఇలాంటి మతిమరుపే తెస్తాయి. వీటికి వైద్యం ఉంది. కనుక న్యూరాలజిస్టు చేత పరీక్ష చేయించాలి. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా తికమక పెరిగితే, అది మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటిది కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

"24 గంటల డ్యూటీ" అంటే

ఏజెన్సీలు రెండు రకాలుగా మనుషుల్ని పంపుతాయి: 12 గంటల షిఫ్టు, లేదా ఇంట్లోనే ఉండే 24 గంటల డ్యూటీ. మేము రెండోది ఎంచుకున్నాం. వచ్చినామె అమ్మకు స్నానం, తిండి, మందులు చూసేది. వంట, బట్టలు, ఇల్లు తుడవడం కూడా ఆమె మీదే వేశాం. అమ్మ రాత్రి రెండింటికి లేచి "మా అమ్మ దగ్గరికి పోవాలి" అంటూ గడియ లాగేది. మధ్యాహ్నం ఆమె కునుకు తీయడం కెమెరాలో చూసి, ఇక్కడినుంచి ఫోను చేసి నేను కోప్పడ్డాను. రెండు నెలలకు ఆమె మానేసింది.

ఇంకో మనిషి దొరికేదాకా నేనే సెలవు పెట్టి వెళ్ళాను. నాలుగో రాత్రి నాకు తెలియకుండానే నిద్ర పట్టేసింది. అమ్మ గేటు తీసుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళింది. పాలు వేసే అబ్బాయి గుర్తుపట్టి తీసుకొచ్చాడు. నేను నాలుగు రాత్రులు చేయలేని పనిని, ఒక మనిషి చేత రెండు నెలలు చేయించానని అప్పుడు తెలిసింది.

ఇప్పటి ఏర్పాటు ఇది: ఇంట్లో ఉండే మనిషికి అమ్మ పని మాత్రమే. వంటకు వేరే మనిషి. రాత్రి పదినుంచి ఆరుదాకా మరొకామె. వారానికి ఒకరోజు సెలవు. ఆ రోజు పిన్నిగారు, బదులు మనిషి చూసుకుంటారు. ఖర్చు పెరిగింది. కానీ మనిషి నిలిచింది.

మాట్లాడుకోవలసినవి

1. ఏ పనులు ఆమెవి, ఏవి కావో కాగితం మీద రాసుకోండి. ఇంజెక్షన్లు, మూత్రం గొట్టం, పుండ్ల డ్రెస్సింగు నర్సు పని.

2. గుర్తింపు కార్డు చూడండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. సెలవు రోజున బదులు ఎవరు వస్తారో ముందే అడగండి.

3. నగలు లాకరులో పెట్టండి. "నా గాజులు తీసింది" అనడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. విచారించకుండా పనిమనిషిని నిందించకండి.

4. పెద్దవారితో వాదించవద్దని, ఒకసారి ఒకే మాట చెప్పమని నేర్పండి. సాయంత్రం కంగారు పెరుగుతుంది కనుక చీకటి పడకముందే లైట్లు వేయాలి.

5. బాత్రూము లోపలి గడియ తీయించండి. రాత్రి గ్యాసు రెగ్యులేటరు కట్టేయాలి. పెద్దవారి దగ్గర ఎప్పుడూ ఫోను నంబరు ఉన్న బిళ్ళ ఉండాలి.

6. తిండి, నిద్ర, విరేచనం, మందులు ఒక నోటు పుస్తకంలో రాయించండి. డాక్టరుకు కెమెరా కంటే అదే ఎక్కువ ఉపయోగం.

కాగితాల సంగతి

అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసినవారికి మతి తప్పిన తర్వాత కూడా చెల్లుతుంది. ఇండియాలో అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసినవారి మతి తప్పితే ఆ అధికారం రద్దవుతుంది. ఆ తర్వాత కోర్టు ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవాలి. అందుకే వీలునామా, బ్యాంకు ఖాతాలో రెండో పేరు వంటివి జబ్బు తొలిదశలోనే, డాక్టరు సర్టిఫికెట్టుతో పూర్తి చేయండి.

తల్లిదండ్రుల్ని ఇక్కడికి తెచ్చుకుందామనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మెడికేర్ ఉన్నా, ఇంట్లో దీర్ఘకాలం మనిషిని పెట్టుకునే ఖర్చు అది భరించదు. 2024 జులైలో మొదలైన గైడ్ అనే పథకం, డిమెన్షియా ఉన్న కొందరు మెడికేర్ సభ్యుల కుటుంబాలకు కొంత విరామ సేవ ఇస్తోంది. విజిటర్ వీసా మీద వచ్చినవారికి అదీ లేదు.

ఇండియాలో సలహాకు 1992లో ఏర్పడిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. పెద్దలకోసం ప్రభుత్వ ఎల్డర్‌లైన్ నంబరు 14567. అక్కడున్న మీవాళ్ళచేత చేయించండి.

అమ్మ ఇప్పుడు నా పేరు మరచిపోతోంది. ఆ ఇంట్లో ఉండే మనిషిని మాత్రం "అక్కా" అని పిలుస్తుంది. ఆమె పక్కన ఉంటే అన్నం తింటుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంటే, ఈ వారం ఫోను చేసినప్పుడు అమ్మ ఎలా ఉందని అడిగాక ఇంకొకటి కూడా అడగండి: "అమ్మా, నువ్వు రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?"