తీర్పులో లేని ఎడబాటు

న్యాయమూర్తి శిక్ష వేసేటప్పుడు ఏళ్ల లెక్క చెబుతాడు. ఏ సెక్షన్ కింద ఎన్నేళ్లు, కఠినమా సాధారణమా, జరిమానా ఎంత అన్నంతవరకే తీర్పు. కన్నతల్లి నెలకు ఎన్నిసార్లు వచ్చి చూడొచ్చో, భార్య రాసిన ఉత్తరాన్ని ముందు ఎవరు విప్పి చదువుతారో, మనిషిని ఏ జైలుకు తరలించారో ఇంటికి ఎప్పుడు తెలుస్తుందో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. కానీ ఖైదీ ఇంటివాళ్ల బాధలో పెద్ద పాలు వీటిదే. జైలంటే ఎడబాటే కదా, అది దానితోనే పుట్టింది కదా అని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. మన దేశంలో ఈ ఎడబాటును 19వ శతాబ్దపు పాలకులు ఆలోచించి, కమిటీలు వేసి, చట్టం రాసి తయారుచేశారు. దాన్ని శిక్షలో భాగంగా ఏ కోర్టూ ప్రకటించలేదు. అందుకే ములాఖత్‌ను జైలు అధికారి దయగా కాక, తీర్పు తీసివేయని హక్కుగా చూడాలని నా వాదన.

అంతకుముందు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం మన గడ్డ మీదే ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. వాటిలో అయిదోది ధర్మమహామాత్రులనే అధికారుల పనులు చెబుతూ చెరలో ఉన్నవాళ్ల మేలు చూడమంటుంది. పిల్లలు గలవాళ్లనూ ముసలివాళ్లనూ విడిపించే సంగతి ప్రత్యేకంగా ప్రస్తావిస్తుంది. ఖైదీని ఒంటరి మనిషిగా కాక ఒక ఇంటి మనిషిగా లెక్కించిన మాట అది. నాలుగో స్తంభ శాసనం ఇంకా సూటిగా ఉంటుంది. మరణశిక్ష పడ్డవాడికి మూడు రోజుల గడువిస్తుంది, ఆ లోపు బంధువులు అతని ప్రాణం కోసం అధికారులకు మొరపెట్టుకోవచ్చు. మనుస్మృతి చెరసాలలను రాచబాట పక్కనే కట్టమంది. అది దయతో చెప్పిన మాట కాదు, వచ్చేపోయేవాళ్లు చూసి భయపడాలని చెప్పింది. అయినా చెర ఊరి కంటికి కనిపించేది. గోల్కొండ చెరలోని రామదాసు తన మొర రాముడి చెవిన వేయమని సీతమ్మను వేడుకున్నాడని మనం తరతరాలుగా పాడుకుంటున్నాం. లోపలున్నవాడికి బయట మాట చెప్పే మనిషి ఒకరు ఉండితీరాలన్న ఎరుక ఆ పాటల్లో ఉంది.

పాత చెరసాలలు సుఖమైన చోట్లేమీ కావని, వాటిని పొగడడం తగదని ఎవరైనా అనవచ్చు. నిజమే. సంకెళ్లున్నాయి, కొరడాలున్నాయి, విచారణే లేకుండా మగ్గిపోయినవాళ్లున్నారు. ఆనాటి చెర మంచిదని నేను అనడం లేదు. మనిషిని బంధించడానికి అతన్ని అయినవాళ్ల నుంచి తెంపేయాల్సిన అవసరం లేదని మాత్రమే అంటున్నాను. ఈ రెండింటినీ ముడిపెట్టింది తర్వాతి కాలం.

ఈస్టిండియా కంపెనీ పాలన తొలి దశాబ్దాల్లో ఖైదీలను రోడ్డు పనులకు తోలేవారు. చాలాచోట్ల రోజుకు ఇంత అని డబ్బులిస్తే వాళ్లే బజారు సరుకు తెచ్చుకుని వండుకునేవారు. అలా బయటి లోకంతో రాకపోకలు సాగుతూ ఉండేవి. 1835లో మెకాలే ప్రతిపాదించగా ఏర్పడ్డ జైలు క్రమశిక్షణ కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. రోడ్డు పని ఆపాలని, ఖైదీని గోడల లోపల విసుగెత్తించే పనిలో పెట్టాలని, బయటివాళ్లతో మాటామంతీ లేకుండా చేయాలని దాని సారాంశం. విడివిడి వంటలు పోయి ఉమ్మడి వంటశాలలు వచ్చాయి. కొన్నిచోట్ల కులం పేర ఖైదీలు తిరగబడ్డారు కూడా. అదే నివేదిక సముద్రం దాటించే శిక్షను తెగ మెచ్చుకుంది. నల్లనీళ్లంటే ఈ దేశస్థులకున్న భయం ప్రభుత్వానికి గొప్ప ఆయుధమని అందులో ఉంది. దూరమే శిక్ష అన్న సంగతిని పాలకులు దాచుకోలేదు.

మద్రాసు రాజధాని నుంచి ఖైదీలను అప్పటికే బెంకూలెన్‌కు, పినాంగ్‌కు, సింగపూర్‌కు, మౌల్మీన్‌కు ఓడలెక్కించేవారు. 1857 తిరుగుబాటు తర్వాత కొత్త చోటు కావలసివచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. అక్కడే 1896లో మొదలుపెట్టి 1906 నాటికి సెల్యులార్ జైలు కట్టి ముగించారు. ఏడు బారులు, మూడేసి అంతస్తులు, దాదాపు 700 గదులు. ఒక బారు ముందువైపు ఇంకో బారు వెనుకవైపును చూసేట్టు కట్టారు, ఎదుటి ఖైదీ మొహం కూడా కనిపించకూడదని. అక్కడి రాజకీయ ఖైదీకి ఏడాదికి ఒక ఉత్తరం రాసుకునే వీలుండేది, అదీ నడత బాగుందని అధికారులు అనుకుంటే. సావర్కర్ 1912 నుంచి 1920 దాకా తమ్ముడికి రాసిన ఉత్తరాలు ఈ లెక్కకు ఆధారం. అవి అధికారుల కంటబడి, వాళ్లు సరేనన్నాకే ఓడెక్కేవి. చదువుకున్న ఇంటివాళ్ల గతే ఇదైతే మన్యంవాళ్ల మాట చెప్పేదేముంది. 1879-80 నాటి రంప తిరుగుబాటులో దొరికినవాళ్లనూ, అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరినీ అండమాన్‌కు పంపారు. ఆ అనుచరుల్లో ఒకరైన గాం మల్లుదొరకు పడ్డ ఉరిని ప్రవాస శిక్షగా మార్చారు. ఆయన 1937లో విడుదలై, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఏడాదికొక ఉత్తరం అన్న అనుమతికి విలువ రావాలంటే ఊళ్లో చదివిపెట్టే మనిషి ఉండాలి, గూడేనికి తపాలా చేరాలి. ఆ రెండూ లేనిచోట కాగితం మీది వీలుకూ మొత్తం నిషేధానికీ తేడా లేదు.

అండమాన్‌లోనే కొందరు ఖైదీలు పెళ్లాంపిల్లలను రప్పించుకున్నారు కదా, మలబారు మాప్పిళ్ల ఖైదీల కుటుంబాలను 1920లలో ప్రభుత్వమే ఓడ ఎక్కించింది కదా అని మరో ప్రశ్న. ఈ ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. అడవి నరికి సేద్యం చేసే కాపురాలు వలసకు కావలసివచ్చినప్పుడు కుటుంబం మనిషిని నిలబెడుతుందని ప్రభుత్వానికి అర్థమైంది. తెలిసే ఇచ్చింది, తెలిసే తీసుకుంది. 1919-20 నాటి కార్డ్యూ కమిటీ అండమాన్ శిక్ష మానేయమని చెప్పినా రాజకీయ ఖైదీలను 1932లో మళ్లీ అక్కడికే పంపారు. 1933లోనూ 1937లోనూ ఖైదీలు నిరాహారదీక్షలు చేశాక, 1938 మొదట్లో గాని వాళ్లంతా స్వదేశానికి రాలేదు. ప్రవాస శిక్ష శిక్షాస్మృతి నుంచి పూర్తిగా తొలగింది 1955 సవరణతో.

ఓడ ఆగినా దాని వెనకున్న ఆలోచన 1894 జైళ్ల చట్టంలో మిగిలిపోయింది. ఆ చట్టం 40వ సెక్షన్ చదివితే సంగతి తెలుస్తుంది. సివిల్ ఖైదీలను, ఇంకా నేరం రుజువుకాని ఖైదీలను చూడడానికి వచ్చేవాళ్లకు తగిన ఏర్పాటు చేయాలని ఉంది. న్యాయవాదితో మూడో మనిషి లేకుండా మాట్లాడుకునే వీలూ ఉంది. శిక్షపడ్డవాడి ఊసు అక్కడ లేదు. అతని సంగతి జైలు మాన్యువల్‌కు వదిలేశారు. మాన్యువల్ ములాఖత్‌నూ ఉత్తరాన్నీ సత్ప్రవర్తనకు ఇచ్చే సౌకర్యాలుగా రాసుకుంది. అదే చట్టం 42వ సెక్షన్ ప్రకారం నిబంధనలకు విరుద్ధంగా ఖైదీతో మాట కలపబోయినా నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. అక్క కొడుకును పలకరించబోయిన మేనమామ కూడా ఆ సెక్షన్‌లో ఇరుక్కోగలడు.

ఎక్కడున్నాడో చెప్పకపోవడం దీనికి పరాకాష్ఠ. 1942 ఆగస్టు 9న బొంబాయిలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ సభ్యులను పట్టుకుని అహ్మద్‌నగర్ కోటకు తీసుకుపోయారు. వాళ్లలో మన భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకరు. ఎక్కడ ఉంచారో ప్రభుత్వం మొదట్లో బయటపెట్టలేదు. తొలి వారాల్లో పత్రికల్లేవు, ఉత్తరాల్లేవు. వాళ్లను శిక్షించిన కోర్టంటూ లేదు, విచారణే జరగలేదు. 1943 ఏప్రిల్‌లో కలకత్తాలో భార్య చనిపోయిన కబురు మౌలానా ఆజాద్‌కు కోటలోనే తంతిగా అందింది. దేశమంతా ఎరిగిన నాయకుల ఇళ్లకే ఆ గతి పట్టింది. పేరులేని మనిషి మాయమైతే వెతికే దారి ఏముంటుంది?

జైలు గురించిన ఈ ఆలోచనను తలకిందులు చేసిన తీర్పు 1965లో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. దాన్ని రాసింది రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి అనే డిటెన్యూ, అంటే విచారణ లేకుండా నిర్బంధంలో ఉంచిన మనిషి, లోపల కూర్చుని అణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాశాడు. అచ్చు వేయించడానికి దాన్ని భార్యకు పంపుతానంటే మహారాష్ట్ర ప్రభుత్వం కుదరదంది. నిర్బంధ నిబంధనల్లో ఏయే సౌకర్యాలు రాసి ఉన్నాయో అవే అతనివి, పుస్తకం పంపే సౌకర్యం అందులో లేదు అన్నది ప్రభుత్వ వాదన. సుబ్బారావు దాన్ని తోసిపుచ్చారు. ఆ తర్కమే ఒప్పుకుంటే, అన్నం పెట్టాలని నిబంధనలో రాయనప్పుడు ఖైదీని పస్తుపెట్టి చంపొచ్చన్నమాట అని ఎత్తిచూపారు. నిబంధనలు హక్కులిచ్చేవి కావు, ఉన్న స్వేచ్ఛను కొంతమేర అదుపుచేసేవి, అదుపుచేయనిదంతా మనిషి దగ్గరే ఉంటుందని తేల్చారు. నాకు ఇది మన జైళ్ల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపుగా కనిపిస్తుంది. అప్పటిదాకా ఖైదీ ‘నాకు ఫలానాది ఇవ్వండి’ అని అడుక్కోవాలి. ఈ తర్కం ప్రకారం ‘ఎందుకు తీసేశారు’ అన్న ప్రశ్నకు జైలే జవాబు చెప్పాలి.

మిగతా మెట్లు దాని మీదే లేచాయి. విశాఖపట్నం జైలు గోడల మీది కరెంటు తీగలను నక్సలైటు ఖైదీలు సవాలు చేసిన కేసులో, 1974లో, సుప్రీంకోర్టు వాళ్లు కోరినది ఇవ్వలేదు గానీ శిక్షపడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని చెప్పింది. తీహార్ నుంచి సునీల్ బాత్రా తోటి ఖైదీ పడ్డ హింస గురించి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని జస్టిస్ కృష్ణయ్యర్ 1979 డిసెంబరులో తీర్పిచ్చారు, కుటుంబం రాకను ఖైదీకి దక్కాల్సిన ఊరటగా గుర్తించారు. 1981 జనవరిలో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసు వచ్చింది. డిటెన్యూ అయిన ఆ తల్లిని, అయిదేళ్ల కూతురు నెలకు ఒక్కసారే చూడొచ్చన్న నిబంధనను కోర్టు కొట్టేసింది. విచారణ ఖైదీకి వారానికి రెండుసార్లు ఉన్నప్పుడు డిటెన్యూకు ఎందుకు లేదని అడిగింది. అయినవాళ్లతో కలవడం జీవించే హక్కులోని భాగమని జస్టిస్ భగవతి రాశారు.

ఆచూకీ హక్కు ఇంకా ఆలస్యం. కాలికట్ ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్‌ను 1976 మార్చిలో పోలీసులు పట్టుకుపోతే తండ్రి ఈచర వారియర్ ఏడాది పాటు క్యాంపులూ ఆఫీసులూ తిరిగాడు. ఎమర్జెన్సీ పోయాక వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ మీద కేరళ హైకోర్టు, ఆ అబ్బాయిని పోలీసులు పట్టుకున్న మాట నిజమని తేల్చింది. అప్పటిదాకా ప్రభుత్వం అరెస్టే చేయలేదంది. చివరికి కస్టడీలో చనిపోయాడని ఒప్పుకుంది. అరెస్టు సంగతి ఇంటివాళ్లకు చెప్పాలన్న నియమం 1994లో జోగిందర్ కుమార్ కేసులో, 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నోట వచ్చింది. బంధువులు వేరే జిల్లాలో ఉంటే 8 నుంచి 12 గంటల్లోపు కబురు చేరాలని, కంట్రోల్ రూమ్‌లో పేరు ప్రదర్శించాలని బసు తీర్పు. 2005 సవరణతో అది చట్టంలోకి ఎక్కింది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 48వ సెక్షన్‌లో ఉంది.

భద్రత మాటేమిటి అని జైలు అధికారులు అడుగుతారు. సెల్‌ఫోన్లు, మత్తుమందులు, సాక్షులను బెదిరించే కబుర్లు ములాఖత్ గదిలోంచే పోతాయంటారు. తేలిగ్గా తీసేయాల్సిన భయం కాదు. కానీ దానికి మందు 1894 చట్టంలోనే ఉంది. 41వ సెక్షన్ వచ్చినవాళ్ల పేరూ ఊరూ అడగనిస్తుంది, అనుమానముంటే సోదా చేయనిస్తుంది, కాదంటే వెనక్కి పంపి కారణం రాయమంటుంది. ఒకరిని ఆపడానికి కారణం రాయాల్సి ఉన్నప్పుడు, అందరినీ నెలకోసారికి కుదించడానికి ఏ కారణమూ రాయనక్కరలేదా? బాధితుల తరఫున వచ్చే అభ్యంతరం దీనికన్నా బరువైనది. చనిపోయినవాడి తల్లికి కొడుకు ఎప్పటికీ కనిపించడు, చంపినవాడి తల్లి మాత్రం వారంవారం వచ్చి చూసిపోవాలా అని. ఆ దుఃఖానికి ఎదురుమాట లేదు. కానీ ఆ దుఃఖం తూచి ఏళ్లు నిర్ణయించేది కోర్టు. దానిపైన జైలు కౌంటర్ దగ్గర రెండో శిక్ష వేస్తే అది పడేది ఏ నేరమూ చేయని తల్లి మీద, పిల్లల మీద. పైగా 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు, అంటే తీర్పే రానివాళ్లు.

2020 మార్చిలో కోవిడ్‌తో ములాఖత్‌లు ఆగిపోయాక వీడియో ఇ-ములాఖత్ పెరిగింది. దూరపు ఊళ్లవాళ్లకు అది నిజంగా మేలు. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి మిగులుతాయి. అయితే అదే వీడియో కోర్టు వాయిదాలకూ వచ్చింది. వాయిదా రోజున కోర్టు ఆవరణలో, ఎస్కార్టు కానిస్టేబుల్ చూసీచూడనట్టు ఉంటే, టిఫిన్ పొట్లం అందించి రెండు మాటలు మాట్లాడుకునే అవకాశం దానితో తగ్గింది. ఏ రూలూ ఇవ్వని ఆ కలయికను ఏ రూలూ కాపాడలేదు.

మన దేశం పొరుగు దేశాన్ని ఏం అడుగుతుందో కూడా చూడాలి. 2008 మే 21న భారత పాకిస్తాన్‌ల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలోని ఎదుటి దేశస్థుల జాబితాలు మార్చుకుంటాయి. అరెస్టయిన మూడు నెలల్లోపు రాయబార అధికారులను కలవనివ్వాలి. 2018లో గుజరాత్ పడవల మీద పనికి వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇళ్లకు చేరారు. అలాంటి ఇళ్లకు ఆ జాబితాలో పేరుండడం ఎంత పెద్ద కబురో ఊహించుకోవచ్చు. పాకిస్తాన్ పట్టుకున్న కులభూషణ్ జాధవ్ విషయంలో హేగ్ న్యాయస్థానానికి వెళ్లి, పట్టుకున్నట్టు వెంటనే చెప్పకపోవడం, కలవనివ్వకపోవడం చట్టవిరుద్ధమని 2019 జూలైలో మనమే తీర్పు తెచ్చుకున్నాం. ఆ వాదన మన జైళ్లకూ వర్తించాలి. 2023లో కేంద్రం నమూనా జైళ్ల చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. జైళ్లు రాష్ట్రాల జాబితాలోనివి కాబట్టి దాన్ని ఆమోదించడం శాసనసభల పని. తెలుగు రాష్ట్రాల సభల్లో అది చర్చకు వచ్చినప్పుడు 40వ సెక్షన్ వదిలేసిన మనిషిని, శిక్షపడ్డ ఖైదీని, మాన్యువల్‌కు విడిచిపెట్టకుండా చట్టంలోకే ఎక్కించమని అడగాలి. ములాఖత్ కాదన్న ప్రతిసారీ కారణం రాతపూర్వకంగా ఇంటివాళ్ల చేతికివ్వాలని, ఖైదీని వేరే జైలుకు మారిస్తే అదే రోజు ఇంటికి కబురు పంపాలని అందులో రాయించాలి.