ఎకతరీనా వెలికా

ఎకతరీనా వెలికా పూర్వపు యుగొస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో 1982లో కతరీనా ద్రూగా, అంటే రెండవ కేథరిన్, అనే పేరుతో మొదలై, కొన్నేళ్లకు ఇప్పటి పేరును స్వీకరించి, ప్రధాన గాయకుడు మిలాన్ మ్లాదెనోవిచ్ మరణంతో 1994లో ముగిసిన రాక్ సంగీత బృందం. రెండు పేర్లూ పద్దెనిమిదో శతాబ్దంలో రష్యాను ఏలిన ఒకే సామ్రాజ్ఞివి. పుట్టిన ఊరినిబట్టి దీన్ని సెర్బియా బృందంగా లెక్కించడం రివాజు. అయితే దాని సభ్యులు, రికార్డు కంపెనీలు, శ్రోతలు ఆరు రిపబ్లికులు కలిసిన దేశమంతటా విస్తరించి ఉండినందున, ఆ దేశాన్ని పక్కన పెట్టి ఈ బృందం చరిత్రను చెప్పడం సాధ్యం కాదు.

న్యూ వేవ్ అనేది 1970ల చివర ఇంగ్లండు, అమెరికాలలో పంక్ సంగీతం వెనువెంట వచ్చిన ధోరణి. పొట్టి పాటలు, పదునైన గిటార్ మోత, నగరజీవితం మీద విమర్శ, జమైకా నుంచి వచ్చిన రెగే, స్కా లయలను కలుపుకోవడం దాని లక్షణాలు. సోవియట్ కూటమికి వెలుపల ఉండి, పాశ్చాత్య సంగీతానికి తలుపులు మూయని యుగొస్లావియాలో ఇది త్వరగా వేళ్లూనింది. ల్యుబ్లియానాలో పాంక్ర్తి, జాగ్రెబ్‌లో ఆజ్రా, ఫిల్మ్, హౌస్తోర్ బృందాలు ముందుకు రాగా, బెల్‌గ్రేడ్‌లో విద్యార్థి సాంస్కృతిక కేంద్రం చుట్టూ మరో గుంపు తయారైంది. అప్పటివరకు దేశంలోని పెద్ద మైదానాలను నింపుతున్నది సరయేవో నగరానికి చెందిన బియెలో దుగ్మె వాయించే, జానపద బాణీలు కలిసిన బరువైన రాక్ సంగీతం. కొత్త తరానికి అది తమ వీధుల భాషగా తోచలేదు.

మ్లాదెనోవిచ్ 1958 సెప్టెంబర్ 21న జాగ్రెబ్‌లో పుట్టాడు. తండ్రి సెర్బు సైనికాధికారి, తల్లి క్రొయేషియా స్త్రీ. తండ్రి బదిలీల వల్ల కుటుంబం మొదట సరయేవోకు, ఆపైన బెల్‌గ్రేడ్‌కు మారింది. బెల్‌గ్రేడ్‌లో గిటార్ వాద్యకుడు ద్రాగొమిర్ మిహాయ్‌లోవిచ్‌తో కలిసి అతడు నడిపిన లిమునొవో ద్ర్వో బృందంలోకి బేస్ గిటార్ వాయించే దుషాన్ కోయిచ్, డ్రమ్స్ వాయించే ఇవాన్ వ్దోవిచ్ వచ్చి చేరారు. 1980 ఏప్రిల్‌లో ఈ ఇద్దరితో మ్లాదెనోవిచ్ పెట్టిన త్రయమే షార్లో అక్రొబాతా. చార్లీ చాప్లిన్‌ను యుగొస్లావియా ప్రేక్షకులు పిలుచుకున్న పేరు షార్లో. మరునెల 4న అధ్యక్షుడు టిటో మరణించడంతో, ఈ బృందం ఎదిగిన కాలం ఆ దేశపు చివరి దశాబ్దం కూడా అయింది.

1981లో జాగ్రెబ్‌లోని యుగొతోన్ కంపెనీ షార్లో అక్రొబాతా, ఇదోలి, ఎలెక్ట్రిచ్ని ఒర్గాజమ్ అనే మూడు బెల్‌గ్రేడ్ బృందాల పాటలను ఒకే ఆల్బమ్‌గా కూర్చి, పాకెట్ అరాన్జ్‌మాన్ పేరుతో విడుదల చేసింది. యుగొస్లావియా న్యూ వేవ్‌కు ఇది పునాది రికార్డు. దీనిలో షార్లో అక్రొబాతా పాటలు నాలుగు. వాటిలో 'ఓనా సె బుది' నేటికీ మిక్కిలి ప్రసిద్ధం, 'నీకో కావో యా' రెగే నడకలో సాగేది. అదే ఏడాది వచ్చిన ఈ త్రయపు ఏకైక పూర్తి ఆల్బమ్ మరింత కరుకైనది: బేస్ గిటార్ ముందుండి పాటను నడిపిస్తుంది, డ్రమ్స్ ఎప్పుడు దారి మళ్లుతాయో చెప్పలేము, రాగం నిలదొక్కుకునేలోపే విరిగిపోతుంది. కోయిచ్‌కు కావలసింది ఆ విరుపే; మ్లాదెనోవిచ్‌కు కావలసింది పాట. 1981 ముగిసేసరికి బృందం చీలిపోయింది. కోయిచ్ తన దిస్సిప్లీనా కిచ్మెను మొదలుపెట్టాడు. మ్లాదెనోవిచ్, వ్దోవిచ్ మళ్లీ మిహాయ్‌లోవిచ్‌తో చేరి కతరీనా ద్రూగాను స్థాపించారు.

ఈ కొత్త బృందానికి తనదైన ధ్వనిని ఇచ్చినది కీబోర్డు వాయించిన మార్గితా స్తెఫానోవిచ్. ఆమె టెలివిజన్ దర్శకుడు స్లావొల్యుబ్ స్తెఫానోవిచ్ రావాసి కుమార్తె. శాస్త్రీయ పియానోలో శిక్షణ పొంది, వాస్తుశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది. రాక్ బృందాలలో కీబోర్డు సాధారణంగా గిటార్ వెనుక ఖాళీలను పూరించే వాద్యం. ఎకతరీనా వెలికా పాటలలో అది గాయకుడితో సమానంగా మాట్లాడే రెండో గొంతు: అతడు పదాన్ని పొడిగించినచోట ఆమె ఆగుతుంది, అతడు ఊపిరి తీసుకున్నచోట అందుకుంటుంది. బేస్ గిటార్‌కు బోయాన్ పెచార్ రావడంతో బృందానికి ప్రాణమైన మూడు పేర్లలో మిగిలినదీ సమకూడింది.

తొలి ఆల్బమ్ 1984లో ల్యుబ్లియానా రేడియో-టెలివిజన్ సంస్థకు చెందిన కంపెనీ ద్వారా వెలువడింది. ఆ తరువాత మిహాయ్‌లోవిచ్, వ్దోవిచ్ వైదొలగారు. పాత పేరు మీద హక్కు మిహాయ్‌లోవిచ్‌కు ఉండడంతో మిగిలినవారు ఎకతరీనా వెలికాగా మారవలసివచ్చింది. 1985 ఆల్బమ్ ఆ పేరుతోనే వచ్చింది; 'తేనె రంగు కళ్లు' అనే అర్థం గల 'ఓచి బోయె మేదా' దీనిలోనిదే. డ్రమ్స్ దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. ఇవాన్ ఫెత్సె, ఇవాన్ రాంకోవిచ్, నటుడిగా కూడా పేరు పొందిన స్రిజాన్ తొదొరోవిచ్, మార్కో మిలివొయెవిచ్ ఒకరి తరువాత ఒకరు వచ్చారు. ఒక్కో ఆల్బమ్ నడకలో కనిపించే తేడాకు ఇది కొంత కారణం.

1986లో వచ్చిన 'స్ వేత్రోమ్ ఉజ్ లిత్సె', అంటే ముఖానికి ఎదురుగాలితో, బృందాన్ని దేశంలోని అగ్రశ్రేణికి చేర్చింది. 'బుది సామ్ నా ఉలిత్సి', 'తి సి సావ్ మోయ్ బోల్' పాటలతో విద్యార్థుల క్లబ్బుల నుంచి పెద్ద సభామందిరాలకు మారిన ఈ బృందం జాగ్రెబ్‌లోని కులుషిచ్ క్లబ్బులో చేసిన కచేరీని 1987లో ప్రత్యక్ష ఆల్బమ్‌గా విడుదల చేసింది. అదే ఏడాది బెల్‌గ్రేడ్ కంపెనీకి మారి, ఆస్ట్రేలియాకు చెందిన థియొడోర్ యాన్ని నిర్మాణ పర్యవేక్షణలో 'ల్యుబావ్', అంటే ప్రేమ, అనే ఆల్బమ్ చేసింది. కీర్తి విషయంలో 1986 నాటి ఆల్బమ్‌దే పైచేయి కావచ్చు. కాని సంగీత నిర్మాణంలో 'ల్యుబావ్'కే అగ్రస్థానం ఇవ్వాలి. 'జెమ్ల్యా', 'ల్యూది ఇజ్ గ్రాదోవా' వంటి పాటలలో గిటార్, పియానో, బేస్ ఒకదాన్నొకటి కప్పివేయకుండా విడివిడిగా వినిపిస్తూనే ఒకే ఒత్తిడిని పెంచుకుంటూ పోతాయి. మ్లాదెనోవిచ్ సాహిత్యం నేతలను, సంఘటనలను పేరు పెట్టి చెప్పదు. గది, వీధి, నగరం, నీరు, నేల వంటి పదాలతోనే ఒక కాలపు భయాన్ని చెబుతుంది. ఈ కారణంగానే, రాసిన సందర్భం మారిపోయినా ఆ పాటలు పాతబడలేదు.

1989లో వచ్చిన 'సామో పార్ గోదినా జా నాస్' పేరుకు 'మనకు కొన్నేళ్లు మాత్రమే' అని అర్థం. రెండేళ్లలో దేశం ముక్కలు కావడంతో శ్రోతలు ఆ పేరులో జోస్యాన్ని చూశారు. ఆల్బమ్‌ను జోస్యంగా కాక, చుట్టూ ఉన్న వాతావరణాన్ని చెవితో పట్టుకున్నవారి రచనగా చదవడం సమంజసం. పెచార్ 1990లో బృందాన్ని వీడి లండన్ వెళ్లాడు. 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 'దుమ్ దుమ్' ఆల్బమ్ ఆ యుద్ధ సంవత్సరంలోనే వెలువడింది. తొలి రికార్డులు వెలువడిన జాగ్రెబ్, ల్యుబ్లియానాలు ఇప్పుడు సరిహద్దులకు ఆవల ఉన్నాయి.

యుద్ధాన్ని బృందం నేరుగా ఎదిరించింది. 1992 మార్చిలో ఎకతరీనా వెలికా, ఎలెక్ట్రిచ్ని ఒర్గాజమ్, పార్తిబ్రెయ్‌కెర్స్ బృందాలవారు రిమ్‌తుతితుకి పేరుతో ఒక్కటై, స్వతంత్ర రేడియో బి92 అండతో యుద్ధవ్యతిరేక గీతాన్ని రికార్డు చేసి, పైకప్పు లేని లారీ మీద వాద్యాలు, స్పీకర్లు అమర్చుకుని, సైన్యంలో చేరవలసిన వయసు కుర్రాళ్లు చుట్టుముట్టగా, బెల్‌గ్రేడ్ వీధుల్లో వాయించుకుంటూ తిరిగారు. ఏప్రిల్‌లో నగరపు రిపబ్లిక్ చౌక్‌లో జరిగిన 'మా మీద లెక్క పెట్టుకోవద్దు' అనే కచేరీలోనూ పాల్గొన్నారు. యుద్ధం ఆగలేదు, కాని కవచంగా ఏ పార్టీ లేకుండా, అధికారం యుద్ధం వైపు ఉన్న రాజధానిలో పట్టపగలు ఆ మాట పాడినందుకు వీరికి దక్కవలసిన గౌరవం చిన్నది కాదు.

అంతర్జాతీయ ఆంక్షలు, విపరీతమైన ద్రవ్యోల్బణం నడుమ 1993లో వచ్చిన 'నెకో నాస్ పోస్మాత్రా' చివరి ఆల్బమ్ అయింది. 1994లో మ్లాదెనోవిచ్ బ్రెజిల్‌లో స్థిరపడిన పాత మిత్రుడు, సంగీత నిర్మాత మితార్ సుబొతిచ్‌తో కలిసి ఏంజెల్స్ బ్రెత్ అనే ఆల్బమ్ చేశాడు. ఆ ఆగస్టులో మాంటెనెగ్రో తీరాన ఉన్న బుద్వాలో బృందం చివరి కచేరీ జరిగింది. క్లోమ క్యాన్సర్‌తో 1994 నవంబర్ 5న, 36 ఏళ్ల వయసులో, మ్లాదెనోవిచ్ బెల్‌గ్రేడ్‌లో మరణించాడు. వ్దోవిచ్ 1992లోనే చనిపోయాడు. పెచార్ 1998లో లండన్‌లో, స్తెఫానోవిచ్ 2002లో బెల్‌గ్రేడ్‌లో కన్నుమూశారు.

2006లో రేడియో బి92 శ్రోతలు ఎన్నుకున్న వంద ఉత్తమ దేశీయ పాటలలో ఈ బృందపు 'పార్ గోదినా జా నాస్' మొదటి స్థానంలో నిలిచింది. బెల్‌గ్రేడ్ యువజన భవనం ముందున్న ఆవరణకు మ్లాదెనోవిచ్ పేరు పెట్టారు. షార్లో అక్రొబాతా ముగ్గురిలో మిగిలిన కోయిచ్, లండన్‌లో కొంతకాలం గడిపి తిరిగివచ్చి, గిటార్‌ను దాదాపు పక్కనపెట్టి బేస్, డ్రమ్స్‌ల మీదనే నిలబడిన తన సంగీతాన్ని కొనసాగించాడు.