కరువులో పోయిన మన అవ్వలు ఎక్కడున్నారు?



ఆ మధ్య ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో భూస్థాపన ముగించుకొని సమాధుల తోట నుంచి తిరిగి వస్తున్నాము. ఒక పెద్దవ్వ మా పక్కనే నడుస్తూ అడిగింది: "అయ్యగారూ, తీర్పు గురించి చెప్పినారు, బాగుంది. మా అవ్వకు అవ్వ ధాత కరువులో గంజి లేక చచ్చిపోయిందంట. ఆ యమ్మకు యేసయ్య పేరు కూడా తెలీదు. ఇప్పుడు నరకంలో ఉన్నట్టేనా?"

దారిలో మేము జవాబు చెప్పలేకపోయాము. "వచ్చే వారం మాట్లాడుకుందాం అవ్వా" అన్నాము. అందుకు కారణం ఉంది. సేవకు వచ్చిన కొత్తలో ఇదే ప్రశ్న ఒక పెద్దమనిషి అడిగితే, వెనకా ముందూ చూడకుండా "అవును, అగ్నిగుండంలోనే" అని చెప్పినాము. ఆయన మారుమాట అనలేదు. కండువా దులిపి భుజాన వేసుకొని లేచిపోయినాడు. మళ్లీ మందిరం గడప తొక్కలేదు. ఆయన పోయినప్పుడు ప్రార్థనకు కూడా మమ్మల్ని పిలవలేదు. ఆనాడు మేము లేఖనం చెప్పామనుకున్నాము. నిజానికి లేఖనం చెప్పని తీర్పు చెప్పినాము. ఈ వ్యాసం ఆ అవ్వ కోసం, ఆ పెద్దమనిషి జ్ఞాపకం కోసం.

నరకం అనే మాట మనకు కొత్తది కాదు

బైబిలు రాకముందే మన పల్లెలకు నరకం తెలుసు. యముడు, చిత్రగుప్తుని లెక్కల పుస్తకం, కాగే నూనె కొప్పెరలు, ఇవన్నీ తోలుబొమ్మలాటల్లో, హరికథల్లో మన పెద్దలు విన్నవే. యుగాంతం మాట కూడా కొత్త కాదు. వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని చెప్పుకొనే రవ్వలకొండ మన బనగానపల్లె దగ్గరే ఉంది. అయితే పురాణాల్లోని నరకానికి గడువు ఉంది. చేసిన పాపానికి తగినంత శిక్ష అనుభవించి, జీవుడు మళ్లీ పుడతాడు.

1812లో శ్రీరాంపూరు ముద్రణాలయంలో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. పూర్తి బైబిలు 1850ల దశకంలో వచ్చింది. అనువాదకులు కొత్త మాట పుట్టించలేదు. యేసు ప్రభువు వాడిన "గెహెన్నా"కు నరకము అన్నారు. చనిపోయినవారు చేరే "షియోలు", "హేడెసు"లకు పాతాళము అన్నారు. గెహెన్నా అంటే యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఒకప్పుడు అక్కడ బిడ్డలను మోలెకుకు అగ్నిలో అర్పించారని రాజుల గ్రంథం, యిర్మీయా గ్రంథం చెబుతున్నాయి. ప్రభువు ఆ లోయ పేరు ఎత్తితే వినేవాళ్లకు వెన్నులో వణుకు పుట్టేది. మాట మన పాతదే అయినా అర్థం మారింది. లెక్క తీరగానే బయటికి వచ్చే చెర కాదు అది. దేవుణ్ణి కాదన్న బ్రతుకు చివరికి చేరే చోటు.

ఇంకొక సంగతి గమనించండి. ఆదివారం మనం చెప్పుకొనే విశ్వాస ప్రమాణంలో, క్రీస్తు చనిపోయి పాతిపెట్టబడిన తరువాత ఎక్కడికి దిగినాడు? ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం అక్కడ నరకానికి వాడే మాటనే పెట్టింది. మన తెలుగు పెద్దలు నరకము అనలేదు, "అదృశ్య లోకము" అన్నారు. అంటే మృతులందరూ చేరిన లోకం. క్రీస్తు చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో రాశాడు. దీనికి అర్థం ఏమిటో పండితులు ఈనాటికీ ఒక మాట మీద లేరు. కానీ మన ప్రభువు అడుగు పెట్టని చీకటి లేదని మాత్రం మన సంఘం వారం వారం ఒప్పుకుంటోంది.

ధాత కరువు

ఆ అవ్వ చెప్పిన కరువు 1876 నుంచి 1878 వరకు సాగింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు వచ్చింది. నేటి మన నంద్యాల జిల్లాలో ఎక్కువ భాగం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 1871 జనాభా లెక్కల్లో ఆ జిల్లాలో 9,14,432 మంది ఉన్నారు. 1881 లెక్కలకు 6,78,551 మంది మిగిలారు. నలుగురిలో ఒకరు లెక్కలో లేకుండా పోయారు. కొందరు వలస పోయి ఉంటారు, చాలామంది మట్టిలో కలిశారు. సుంకేసుల నుంచి తవ్విన కర్నూలు–కడప కాలువ అప్పటికే మన నేల మీదుగా పోతున్నా కరువు ఆగలేదు. సర్కారు కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణా చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ దొర నిర్ణయించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో రోజంతా రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి.

అప్పటికి సువార్త మన వైపు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఎస్.పి.జి. మిషనరీలు ఆళ్లగడ్డకు దిగువన ముత్యాలపాడులో 1850ల దశకంలో పని మొదలుపెట్టారు. ముందుగా ఊరి బయట ఉంచిన మాలపల్లెలే ఆ సువార్తను చేర్చుకున్నాయి. అయినా పేరు కూడా వినని పల్లెలు ఎన్నో. ఆ అవ్వ పూర్వికురాలు అలాంటి పల్లె మనిషే.

అదే 1877 చివరి నెలల్లో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో ఫర్రార్ అనే బోధకుడు నరక శిక్ష అంతం లేనిదా అని ప్రశ్నిస్తూ ప్రసంగాలు చేశాడు. ఇంగ్లాండు అంతా గగ్గోలయింది. ఆక్స్‌ఫర్డ్ పండితుడు పూసీ 1880లో పుస్తకం రాసి జవాబు ఇచ్చాడు. వాళ్ల వాదం చిన్నదని మేము అనము. కానీ వాళ్లు వాదించుకుంటున్న నెలల్లోనే ఇక్కడ మన అవ్వలు దారి పక్కన పడిపోతున్నారు.

మన నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ ఒంగోలు వైపు పారుతుంది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు కాలంలో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని ఒప్పుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తీస్మాలు మాత్రం ఆపేశాడు. జనం అన్నం కోసం వస్తారేమోనని ఆయన భయం. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం పొందారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు సిగ్గు వేసింది. ఆకలి భయంతో తీసుకొనే బాప్తీస్మం వద్దన్నాడు ఆయన. మేమేమో అగ్ని భయం చూపించి ఎంతమందిని ముందుకు పిలవలేదు? ఎదుటివాని అవ్వను మంటల్లో చూపించి వానికి రక్షణ ప్రకటించడం సువార్త అవుతుందా?

లేఖనం ఏమంటుంది?

ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. ఫ్రాన్సిస్ జేవియర్ జపానులో సువార్త చెప్పి, 1552లో రాసిన ఉత్తరంలో ఇదే సంగతి తెలిపాడు. అక్కడ కొత్తగా నమ్మినవాళ్లు తమ పూర్వికుల కోసం ఏడ్చేవారు. వారికి ఇక విడుదల లేదనే ఆయన చెప్పవలసి వచ్చిందట.

నరకం లేదని మేము చెప్పడం లేదు. మనుష్యుడు ఒక్కసారే చనిపోతాడు, తరువాత తీర్పు ఉందని హెబ్రీ పత్రిక 9:27 చెబుతోంది. రక్షణ యేసు క్రీస్తు ద్వారానే అని మేము నమ్ముతాము, ప్రకటిస్తాము. అయితే తీర్పు కొలత గురించి ప్రభువు చెప్పింది కూడా వినాలి. తూరు సీదోనులకు తీర్పు దినాన కాస్త ఓర్వదగి ఉంటుందని మత్తయి 11లో అన్నాడు. ఎందుకంటే వాళ్లు ఆయన అద్భుతాలు చూడలేదు. యజమాని చిత్తం తెలిసి కూడా చేయనివానికి ఎక్కువ దెబ్బలు, తెలియనివానికి కొద్ది దెబ్బలు అని లూకా 12లో అన్నాడు. రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు లూకా 13లో అడిగితే ఆయన సంఖ్య చెప్పలేదు. ఇరుకు ద్వారాన ప్రవేశించడానికి పోరాడండి అని ప్రశ్నను వినేవాళ్ల వైపే తిప్పాడు.

మత్తయి 25వ అధ్యాయం తీసి చూడండి. సింహాసనం మీద కూర్చున్న రాజు మొట్టమొదట ఎత్తే మాట ఆకలి గురించే. ఆకలిగొన్న అల్పులకు చేసినదీ చేయనిదీ తనకే అంటాడు. ధాత కరువులో గంజి లేక పడిపోయిన ఆ అవ్వ ఆకలిని ఆ రాజు ఎవరి ఆకలిగా లెక్కపెట్టి ఉంటాడు? ఆమె గురించి తీర్పు చెప్పేముందు మేము ఆ మాట దగ్గర ఆగాల్సింది. ఆనాడు ఆగలేదు.

అవ్వతో చెప్పిన మాట

మరుసటి వారం ఆ అవ్వ ఇంటికి పోయినాము. "అవ్వా, ఆ యమ్మకు తీర్పు ఏమిటో మాకు తెలీదు. తీర్పరి ఎవరో తెలుసు. ఆయన చేతుల్లో మేకుల గుర్తులున్నాయి. సర్వలోకానికి తీర్పరి న్యాయమే చేస్తాడని అబ్రాహాము నమ్మినాడు, మనమూ నమ్ముదాం" అన్నాము.

అవ్వ కొంచెంసేపు ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, "అట్లయితే ఆ యమ్మను ఆయనకే ఇడిచిపెడతా. మరి నా మనవడు? చిన్నప్పటి నుంచీ సండే స్కూలుకు పోయినాడు, అన్నీ ఇన్నాడు, ఇప్పుడు మందిరం మొగమే చూడడు. వాని సంగతి చూడు అయ్యగారూ" అంది. లూకా 13లో ప్రభువు చేసిన పనే అవ్వ కూడా చేసింది.

ఆ సాయంత్రమే ఆ మనవణ్ణి కలిశాము. తరువాత, అప్పట్లో లేచిపోయిన ఆ పెద్దమనిషి కొడుకు ఇంటికి కూడా పోయినాము. మీ నాయనతో అనకూడని మాట అన్నామని, మన్నించమని అడిగినాము. ఆయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. టీ ఇప్పించాడు. మందిరానికి వస్తానని చెప్పలేదు, మేమూ అడగలేదు.

ప్రియులారా, చనిపోయినవారిని తీర్పరి చేతుల్లో విడిచిపెడదాం. విన్నవారం మనం. ఎక్కువ పొందినవాని దగ్గర ఎక్కువ అడుగుతాడు. ఈ వారం మీ వీధిలో పస్తున్న ఇల్లు ఏదో తెలుసుకోండి, మందిరానికి దూరమైన ఒక్కరిని పలకరించండి.

ప్రేమగల తండ్రీ, నీ పేరు తెలియకుండా ఈ నేల మీద ఆకలితో పోయిన మా పూర్వికులను నీ న్యాయానికి, నీ కనికరానికి అప్పగిస్తున్నాము. నీ పేరు తెలిసిన మమ్మల్ని నిర్లక్ష్యం నుంచి కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.